మాటకు కూలి

జ్ఞానసుందరి గారి గురించి నేను రాయడమేమిటని మా జంక్షన్‌లో నలుగురూ అనుకుంటారు. అనుకోనివ్వండి. ఆవిడ నా మందుల షాపులో నాలుగేళ్లు పనిచేశారు. ఆ తర్వాత పదకొండు నెలలు ఏ పనీ చెయ్యకుండా నా దగ్గర డబ్బు తీసుకున్నారు. ఆ రెండింటికీ మధ్య ఏం జరిగిందో నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

నా పేరు చినబాబు. ఎచ్చెర్ల దాటాక హైవే పక్కన నాది చిన్న మెడికల్ షాపు. నేను చదివింది ఇంటర్, అదీ తప్పాను. మందులమ్మడానికి మనకు చదువు అక్కర్లేదు, చదువుకున్నవాడి సర్టిఫికెట్ ఒకటి గోడకి వేలాడితే చాలు. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. సర్టిఫికెట్ ఒకరిది, షాపు ఇంకొకరిది, నెలనెలా అద్దె. సర్టిఫికెట్ మనిషి ఎక్కడో వేరే ఉద్యోగం చేసుకుంటూ ఉంటాడు, ఇక్కడ మనం అమ్ముకుంటాం. నేను సుందరి గారికి ముందు ఇద్దరి సర్టిఫికెట్లతో షాపు నడిపాను. ఆ ఇద్దరిలో ఒకడి ముఖం నేను ఇప్పటికీ చూడలేదు.

సుందరి గారు వేరే రకం. వాళ్ల నాన్న ఏసుదానం గారు బాప్టిస్టు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ఆవిడ ఫార్మసీ డిప్లొమా చేసి అదే ఆసుపత్రిలో, అదే మందుల కిటికీ దగ్గర ఇరవై మూడేళ్లు కూర్చున్నారు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ ఆ కిటికీ. విదేశాల నుంచి వచ్చే డబ్బు ఆగిపోయి, డాక్టర్లు ఒక్కొక్కరూ వెళ్లిపోయి, 2011లో ఆ ఆసుపత్రి తలుపులు మూసేశారు. మరుసటి ఏడాది ఆవిడ నా షాపుకి వచ్చి పని అడిగారు. అప్పటికి ఆవిడకి యాభై నిండాయి. నేను లెక్క వేసుకున్నాను. అద్దెకి ఇంకొంచెం కలిపితే సర్టిఫికెట్టూ వస్తుంది, మనిషీ వస్తుంది. నెలకి ఆరు వేలకి కుదుర్చుకున్నాను.

వారం తిరిగేసరికి నా నెత్తి మీదికి వచ్చింది. పది రూపాయల మాత్రలకి వచ్చిన ముసలాయన్ని ఆవిడ స్టూలు మీద కూర్చోబెట్టేవారు. నువ్వేం పని చేస్తావు, పొద్దున్న ఎన్నింటికి లేస్తావు, అన్నం ఎప్పుడు తింటావు, ఇంట్లో ఇంకేం మందులున్నాయి అని అడిగేవారు. ఆ తర్వాతే మాత్ర చేతిలో పెట్టేవారు. పెట్టి ఊరుకునేవారా, ఎలా వేసుకోవాలో వాడి నోటితో తిరిగి చెప్పించేవారు. చదువు రాని వాళ్లకి మాత్రని వాళ్ల పనికి ముడిపెట్టడం ఆవిడ పద్ధతి. పాలు పితికి వచ్చాక ఒకటి, పిల్లల బడి వదిలే వేళకి ఒకటి, ఇలా. కవరు మీద పెన్నుతో చెంబో గంటో బొమ్మ గీసి ఇచ్చేవారు. ఈలోగా వెనకాల నలుగురు నిలబడి, విసుక్కుని, పక్క షాపుకి పోయేవారు.

అది చాలదన్నట్టు, వచ్చిన బేరం కూడా చెడగొట్టేవారు. బీపీ ఉన్నవాడు ఒళ్లునొప్పుల మాత్రలు డజను అడిగితే, అవి కిడ్నీలకి మంచివి కావని చెప్పి వేడినీళ్ల కాపడం పెట్టుకోమని పంపేసేవారు. వేడినీళ్లు నేనెక్కడ అమ్మేది? అమ్మితేనే కదా నాకు నాలుగు రూపాయలు మిగిలేది. అమ్మకుండా ఆపినందుకు నాకు ఎవడిస్తాడు? ఈ మాట నేను ఆవిడ ముఖం మీదే అన్నాను. ఆవిడ విని, మర్నాడు మళ్లీ అదే పని చేశారు.

2015లో శ్రీకాకుళంలో ఫార్మసిస్టుల మీటింగు ఏదో జరిగితే సెలవు పెట్టి వెళ్లారు. తిరిగి వచ్చినప్పుడు ఆవిడ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. కొన్ని దేశాల్లో రోగిని కూర్చోబెట్టి మందుల గురించి వివరంగా చెప్పినందుకు ఫార్మసిస్టుకి ప్రభుత్వమే విడిగా డబ్బులిస్తుందట, మాత్ర అమ్మినా అమ్మకపోయినా. ఆ మీటింగులో లెక్చరరు చెప్పాడట. మన దగ్గర ప్రభుత్వం ఇవ్వదు కాబట్టి మనమే అయిదు రూపాయలు పెట్టి చూద్దామని అడిగారు. నాకు నవ్వొచ్చింది. కానీ పోయేదేముందని ఒప్పుకున్నాను. "మందుల సలహా, అయిదు రూపాయలు" అని అట్ట మీద ఆవిడే రాసి కౌంటరుకి అతికించారు.

రెండు నెలలు ఉంది ఆ అట్ట. మా వాళ్లు సూది మందుకి యాభై ఇస్తారు, సెలైన్ సీసా ఎక్కిస్తే మూడొందలు ఇస్తారు, మాటకి మాత్రం అయిదు రూపాయలు ఇవ్వరు. ఒకాయన సలహా అంతా శ్రద్ధగా విని, ఇందులో మందేమీ లేదు కదా అని ఇచ్చిన అయిదూ వెనక్కి అడిగి తీసుకున్నాడు. ఆ రెండు నెలల్లో మనస్ఫూర్తిగా ఫీజు కట్టిన మనిషి ఒక్కతే, గురమ్మ.

గురమ్మది సముద్రం ఒడ్డు పల్లె. ఎండు చేపలు అమ్ముకునే మనిషి, మొగుడు లేడు, రాణి అని ఒక్క కూతురు. ఒకప్పుడు నెత్తి మీద తట్ట పెట్టుకుని రోజుకొక ఊరి సంత తిరిగేదట. మా షాపుకి వచ్చేనాటికి కీళ్లవాతంతో వేళ్లు వాచిపోయి పిడికిలి ముడవలేకపోయేది. తట్ట ఎత్తలేక, దగ్గర్లో బుధవారం జరిగే సంత ఒక్కదానికే ఆటోలో వెళ్లేది. ఆ ఒక్క సంత మీద తల్లీకూతుళ్లు వారమంతా బతకాలి. విశాఖపట్నం డాక్టరు మెథోట్రెక్సేట్ అని ఒక మాత్ర రాశాడు. చిన్న పసుపు బిళ్ల. వారానికి ఒక్కటే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే రక్తం తయారవడమే ఆగిపోయి మనిషి చచ్చిపోతుంది. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు, తర్వాత తెలిసింది.

సుందరి గారు ఆవిణ్ణి అరగంట కూర్చోబెట్టారు. వారాలూ తేదీలూ గురమ్మకి పట్టవు. బుధవారం సంత మాత్రం ఆవిడ జన్మలో మరిచిపోదు. అందుకని సంతకి బయల్దేరే పొద్దున్న ఒక మాత్ర అని చెప్పి, కవరు మీద తట్ట బొమ్మ గీశారు. నెలకి నాలుగే కత్తిరించి ఇచ్చారు, అయిదోది అడిగినా ఇవ్వలేదు. రోజూ వేసుకుంటే ప్రాణం పోతుందని మాత్రం చెప్పలేదు. భయపెడితే మా జనం మందే మానేస్తారని ఆవిడకి తెలుసు. నాలుగే చేతికిస్తే ఎక్కువ వేసుకోవడానికి ఇంట్లో ఉండవు కదా అనుకున్నారు. గురమ్మ వెళ్తూ బొడ్డులోంచి మూట విప్పి, డబ్బులు సంత నాడు గాని రావని చెప్పి, అయిదు రూపాయలకి బదులు గుప్పెడు ఎండు నెత్తళ్ల చేపలు కాగితంలో పెట్టి ఇచ్చింది. షాపంతా వాసన. నేను తిట్టుకున్నాను. సుందరి గారు వాటిని బ్యాగులో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్లారు.

ఆ తర్వాత నెలనెలా గురమ్మ రావడం, సుందరి గారు అవే ప్రశ్నలు అడగడం. పిడికిలి ముడవగలుగుతున్నావా, జ్వరమేమైనా తగిలిందా, నోట్లో పుళ్లున్నాయా, రక్తపరీక్ష చేయించావా, ఇప్పుడు ఏ సంతకి వెళ్తున్నావు. రోజూ వినే నాకు ఇదంతా ఆడవాళ్ల ఊసుపోక కబుర్లలా ఉండేది.

2016లో నా షాపుకి ఎదురుగా పెద్ద కంపెనీ వాళ్లు అద్దాల షాపు పెట్టారు. ప్రతి బిల్లు మీదా డిస్కౌంటు. నా అమ్మకాలు సగానికి పడిపోయాయి. అదే సమయానికి ఏసుదానం గారు జారిపడి తుంటి విరిగి మంచం పట్టారు. నేను సుందరి గారి ఇంటికి వెళ్లి, మేలు చేస్తున్నవాడిలా మాట్లాడాను. మీరు షాపుకి రానక్కర్లేదు, ఇంట్లో ఉండి నాన్నగారిని చూసుకోండి, సర్టిఫికెట్ మాత్రం గోడ మీద ఉండనివ్వండి, నెలకి రెండున్నర వేలు ఇస్తాను, నెలాఖరున ఒక్కసారి వచ్చి బిల్లు పుస్తకాల్లో సంతకాలు పెట్టండి అన్నాను. ఆవిడ రెండు రోజులు ఆలోచించారు. చివరికి ఒకే ఒక్కటి అడిగారు. నెలనెలా మందులకి వచ్చేవాళ్లని తన దగ్గరికి పంపాలి. మిషన్ కాంపౌండు వెనక ఇల్లు, పావుగంట నడక. పంపుతానని మాటిచ్చాను.

ఒక్కరిని కూడా పంపలేదు. పంపితే ఆవిడ సగం మందులు వద్దంటుంది, వాళ్లు సగమే కొంటారు. ఆవిడ మొదట్లో అడిగేవారు, ఎవరూ రావడం లేదేమని. ఇల్లు కొంచెం దూరం కదండీ అనేవాణ్ణి. తర్వాత అడగడం మానేశారు.

గురమ్మ మాత్రం ప్రతిసారీ సుందరమ్మ ఏదని అడిగేది. సెలవులో ఉందని చెప్పేవాణ్ణి. ఆ మాత్రలు పనిచేశాయి, ఆ మాట చెప్పుకోవాలి. వాపులు తగ్గాయి, వేళ్లు కదిలాయి. వేసవి దాటాక ఒకరోజు నెత్తి మీద తట్టతో వచ్చింది. పిడికిలి బిగించి నా ముందు ఆడించి చూపించింది. మళ్లీ ఆరు ఊళ్ల సంతలూ తిరుగుతున్నానని చెప్పింది. సంతోషమే కదా, నేనూ సంతోషించాను. ఈసారి నాలుగు చాలవు, షీటు మొత్తం కావాలంది. ఇచ్చాను. పన్నెండు రోజులకి మళ్లీ వచ్చింది. ఇంకో షీటు ఇచ్చాను.

ఎందుకు ఎక్కువ కావాలని నేను అడగలేదు. అడగడం నా పని కాదు, అమ్మడం నా పని. ఎదురు షాపుకి పోకుండా నా దగ్గరికే వస్తోందని మురిసిపోయాను. గురమ్మ లెక్క గురమ్మది. సుందరమ్మ సంతకి వెళ్లే పొద్దున్న వేసుకోమంది, వేసుకున్న దగ్గర్నుంచి చేతులు పనిచేశాయి. ఒక్క సంతకి ఒక్క మాత్ర అయితే ఆరు సంతలకి ఆరు. చేతులు బాగుపడబట్టే ఆ ఆరు సంతలూ తిరగగలిగింది. సుందరి గారు కౌంటరులో ఉండుంటే ఏ సంతకి వెళ్తున్నావన్న ఒక్క ప్రశ్నతో సంగతి బయటపడిపోయేది. ఉన్నది నేను.

మూడో షీటు కోసం వస్తుందనుకుంటే, ఆ నెల ఇరవై ఆరో తారీఖున నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. నోరంతా పుళ్లు. మంచినీళ్లు కూడా మింగుడు పడడం లేదని సైగలతోనే చెప్పింది. వేడి చేసిందన్నాను. పుళ్లకి పూసుకునే జెల్లు, బి-కాంప్లెక్సు బిళ్లలు ఇచ్చాను. డెబ్బై రెండు రూపాయల బిల్లు. డబ్బులిచ్చి, కదలకుండా అక్కడే నిలబడింది.

"సుందరమ్మ ఎప్పుడొస్తాది బాబూ?" అంది.

నెలాఖరుకి వస్తారన్నాను. ఇల్లెక్కడో చెప్పలేదు.

"అయితే నాలుగు రోజులేగా. ఓపిక పడతాను" అని మెల్లగా వెళ్లిపోయింది.

ముప్పయ్యో తారీఖు సాయంత్రం సుందరి గారు వచ్చారు. తండ్రి ఒక్కడే ఉన్నాడని కంగారు పడుతున్నారు. నెల బిల్లులన్నీ అరగంటలో సంతకాలు పెట్టేశారు. కౌంటరు దగ్గర నా ఎదురుగా కూర్చుని, పేజీ తర్వాత పేజీ తిప్పుతూ. గురమ్మ అడిగిన సంగతి నాకు నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే ఆవిడ ఇంకో గంట కూర్చుంటుంది, నన్ను కడిగేస్తుందని ఊరుకున్నాను. గురమ్మ ఆరోజు రాలేదు. అప్పటికే జ్వరంతో పడిపోయిందని తర్వాత తెలిసింది.

రాణి తల్లిని విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. ఏ మందులు వాడుతోందని అడిగి, షీట్లు చూసి, డాక్టర్లు తలలు పట్టుకున్నారట. తొమ్మిది రోజులు ఉంది. ముక్కులోంచీ పళ్లలోంచీ రక్తం ఆగలేదు. పదో రోజు పోయింది.

దినాలయ్యాక రాణి షాపుకి వచ్చింది. ఏడుస్తుందనో, జనాన్ని వెంటేసుకుని గొడవ చేస్తుందనో అనుకున్నాను. ఒక్కతే వచ్చింది. ఖాళీ షీట్లు రెండూ, తట్ట బొమ్మ ఉన్న పాత కవరూ కౌంటరు మీద పెట్టింది.

"మా యమ్మ ఎవలినీ అడక్కుండా ఏసుకోలేదు బాబూ. అడగడానికే వొచ్చినాది" అంది. అని, అవన్నీ మళ్లీ సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.  

రాణి ఫిర్యాదు పెట్టింది. డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఫలానా రోజు వస్తాడని కబురు తెలిసింది. ముందు రోజు నేను సుందరి గారి ఇంటికి పరిగెత్తాను. అప్పటిదాకా ఆవిడకి గురమ్మ చనిపోయిన సంగతే తెలియదు. చెప్పగానే ఎప్పుడు, ఎలా అని అడిగారు. నేను ఆగలేదు, నా భయం నాది. ఆ షీట్లు ఇచ్చిన రోజు మీరు షాపులోనే ఉన్నారని, వారానికి ఒకటేనని గట్టిగా చెప్పారని, గురమ్మే వినిపించుకోలేదని చెప్పండి చాలు అని చేతులు పట్టుకున్నాను. పోయిన మనిషికి ఒరిగేదేమీ లేదు, మన ఇద్దరి అన్నమూ నిలుస్తుందన్నాను. ఇలాంటి మాట అనగలిగానా అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు చాలా తేలిగ్గా వచ్చింది.

ఆవిడ బిల్లు పుస్తకం తెమ్మన్నారు. బండి మీద వెళ్లి తెచ్చాను. గురమ్మ పేరు మీద రెండు బిల్లులు, ఒక్కోటి పది మాత్రలు. రెండింటి కిందా ఆవిడ సంతకం. ఆ కింద ఇరవై ఆరో తారీఖు నోటిపూత జెల్లు. దాని కిందా ఆవిడ సంతకమే. ఇదెవరికి ఇచ్చావు అని అడిగారు. గురమ్మకే అని చెప్పాల్సి వచ్చింది. ఆ పేజీ మీద చెయ్యి పెట్టారు.

"ముప్పయ్యో తారీకుకి ఇంకా బతికే ఉన్నాది. ఈ పేజీ నా సేతి కిందే ఉన్నాది. సదవలేదు చినబాబూ. సంతకం పెట్టీసేను."

తప్పు నాదని ఏదో అనబోయాను. ఆవిడ ఆపారు.

"ఇరవై ఏడేళ్లు జనంతో మాటాడేను. మాటాడినందుకు విడిగా ఒక్క పైసా ఎవలూ ఇవ్వలేదు, నేనూ బాధపడలేదు. మాటాడకుండా ఇంట్లో కూకోడానికి నువ్వు నెలకి రెండున్నర వేలిచ్చావు. తీసుకున్నాను. రేపు అదే సెప్తాను."

నేను కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. లోపల మంచం మీంచి ఏసుదానం గారు ఎవరమ్మా అని పిలిచారు. ఎవరూ లేరు నాన్నా అని ఆవిడ లోపలికి వెళ్లిపోయారు.

అన్నట్టే చెప్పారు. పదకొండు నెలలుగా షాపుకి రాలేదనీ, సంతకాలు నెలకోసారి పెట్టాననీ, డబ్బు ఎంత తీసుకున్నారో కూడా ఆవిడే స్వయంగా కాగితం మీద రాసి ఇచ్చారు. ఇన్‌స్పెక్టరే ఒకటికి రెండుసార్లు అడిగాడు, ఆలోచించుకుని రాయండమ్మా అని. నా లైసెన్సు నెల రోజులు ఆపారు. ఆవిడ రిజిస్ట్రేషను రద్దయింది. ఆ కబురు వచ్చిన వారంలోనే ఏసుదానం గారు పోయారు. సమాధుల దొడ్డిలో నేను దూరంగా నిలబడ్డాను, ఆవిడ నన్ను చూసి తలూపారు. ఆవిడ దెబ్బకి దెబ్బ కొట్టే మనిషై ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదు.

రాణి ఇంటికి ఆవిడ రెండుసార్లు వెళ్లారట. మొదటిసారి రాణి తలుపు తియ్యలేదు. రెండోసారి తీసి, మీరు రాకండమ్మా, మిమ్మల్ని చూస్తే మా అమ్మ మీ కోసం కాసుక్కూచున్న ఆ నాలుగు రోజులే గుర్తొస్తాయని చెప్పి పంపేసిందట. ఇది నాకు సుందరి గారే చెప్పారు. చెప్తున్నప్పుడు ఆవిడ గొంతులో ఏ మార్పూ లేదు, నాకే ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆవిడ చర్చి వాళ్ల హాస్టల్లో బియ్యం, పప్పులు కొలిచి ఇచ్చే పని చేస్తున్నారు. పిల్లలకి జ్వరమొచ్చినా మాత్ర ముట్టుకోరట, వార్డెన్ని పిలవండి అంటారట.

నెల తిరిగాక నేను షాపు తెరిచాను. గోడ మీద ఇప్పుడు ఇంకొకడి సర్టిఫికెట్. ఎవడో కుర్రాడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాడట. అద్దె మూడు వేలు.

మొన్న ఒక చేపలావిడ చీటీ పట్టుకుని వచ్చింది. ఏవో గుండె మాత్రలు, నాలుగు రకాలు. నేను స్టూలు లాగి కూర్చోమన్నాను. నువ్వేం పని చేస్తావమ్మా అని అడిగాను. చేపలమ్ముతానంది. పొద్దున్న ఎన్నింటికి లేస్తావన్నాను. మూడింటికంది. ఆ తర్వాత ఏం అడగాలో నాకు తెలియలేదు. మూడింటికి లేచే మనిషి ఈ నాలుగింట్లో ఏది ఎప్పుడు వేసుకోవాలో, ఏది వేసుకుంటే ఏమవుతుందో, ఆవిడ చెప్పే ఏ మాటకి నేను భయపడాలో నాకు తెలియదు. ఆవిడ నా ముఖంలోకి చూస్తూ చాలాసేపు కూర్చుంది, నేను ఇంకేదో చెప్తానని. బిల్లు రాసి, మందులు కవరులో పెట్టి ఇచ్చేశాను.